బొగ్గు ఊరి పెరడు

మందమర్రిలో పెద్ద పెరడున్న వారికి నీళ్లు పోయడంతో పని అయిపోదు, ఆకులూ కడగాలి. సింగరేణి బొగ్గు దుమ్ము పేరుకుంటే ఆకుకు ఎండ సరిగా అందదు, పత్రరంధ్రాలూ పూడుకుపోతాయి. జామాకును వేలితో తుడిస్తే సంగతి తెలుస్తుంది.

రోహిణి కార్తె ఎండల్లో కొత్తగా ఏమీ నాటకపోవడమే మేలు. మొదళ్లలో ఎండుటాకులు పరిచి, పొద్దుగూకాక తడిపితే చాలు. జూన్‌లో మృగశిర వచ్చి రెండు మంచి వానలు పడ్డాక బీర, కాకర, ఆనపకాయ గింజలు పెట్టొచ్చు.

పందిరి చిక్కుడు తీరే వేరు. వానకాలమంతా ఆకులేస్తూ పోతుంది తప్ప పూయదు. గొడ్డు తీగ అని పీకేసేవాళ్లూ ఉన్నారు, పాపం! నాటు రకాల్లో చాలావాటికి పగటి నిడివి తగ్గితేనే పూత. కార్తీకం దాకా ఓపిక పట్టాలి. పూత వెంటే పేనుబంకా వస్తుంది. లేత కొనలకు నల్లటి పురుగులు అంటుకుని ఉంటాయి, అవి వదిలే తియ్యటి జిగురు కోసం చీమలు తీగెక్కుతాయి. చీమల బారు కనిపించిన రోజే, సాయంత్రం, సబ్బునీళ్లలో కాస్త వేపనూనె కలిపి ఆకు అడుగున కొట్టాలి.

చలికాలంలో మల్లెకు నీళ్లు ఆపి, ఆకు దూసి, కొమ్మలు కత్తిరించాలి. జాలి పడితే వేసవిలో పూలు తక్కువే.

మామిడికీ పూతకు ముందు నీళ్లు కట్టకూడదు, కడితే పూతకు బదులు చిగురొస్తుంది. పిందె బఠాణీ గింజంత అయ్యాక మళ్లీ పెట్టొచ్చు.