విశ్వాస దాయము

ఆస్తి పంపకమును గూర్చి మన పూర్వులు రెండు మార్గములు ఏర్పరచిరి. విజ్ఞానేశ్వరుని మితాక్షర ప్రకారము పుట్టినతోడనే పుత్రునకు పితృపితామహుల సొత్తునందు హక్కు కలుగును. వంగదేశమున నడచిన జీమూతవాహనుని దాయభాగము ప్రకారము తండ్రి జీవించియుండగా పుత్రునకు హక్కు లేదు. తండ్రి గతించిన పిదపనే అది సంక్రమించును. క్రైస్తవులకు ఈ రెండును కాక 1925 నాటి భారత వారసత్వ చట్టము వర్తించుచున్నది. పొలమునకును, ఇంటికిని, నగలకును ఈ శాస్త్రములు చాలును. కాని తల్లిదండ్రులు దేవునియందుంచిన నమ్మకము బిడ్డకు ఏ శాస్త్రము ప్రకారము చెందునో ఏ న్యాయవాదియు చెప్పజాలడు. పుట్టుకతోనే వచ్చునన్నచో అది నమ్మకము కాక కులమగును. తండ్రి పోయిన పిదప వచ్చునన్నచో అది గోడమీది పటమగును.

మేము క్రైస్తవ గృహమున పుట్టి, సంస్కృతమును ఆంగ్లమును చదివి, ఇరువది యేండ్లుగా బడిపిల్లల నడుమ కాలము గడపుచున్నవారము. మాకు ఇద్దరు బిడ్డలు. కనుక ఈ ప్రశ్న మాకు తర్కశాలలోనిది కాదు, ఇంటిలోనిది.

తెలుగు క్రైస్తవులు ఈ విషయమున ఒక సంగతిని తరచుగా మరచుచున్నారు. మన సంఘములకు మూలపురుషులైనవారిలో పలువురు తమ తండ్రుల మతమును తండ్రులనుండి గ్రహించి నిలుపుకొన్నవారు కారు, విడిచి వచ్చినవారు. నేటికిని మన దేవాలయములలో పాడబడు కీర్తనలను అనేకముగా రచించిన పురుషోత్తమ చౌదరిగారు 1803లో బ్రాహ్మణ కుటుంబమున పుట్టి, 1833లో బాప్తిస్మము పొందిరి. ఒంగోలు ప్రాంతమున 1878 జూలై 3వ తేదీన వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్కదినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. అంతకుముందు ఘోరమైన కరవు వచ్చినపుడు మిషనరీయగు క్లౌ దొర బకింగుహాము కాలువలో మూడు మైళ్లకు పైబడిన భాగమును గుత్తకు తీసికొని, ఆకలిగొన్నవారికి పని కల్పించెను. ఆ పని సాగినంత కాలము అతడు బాప్తిస్మములు నిలిపివేసెను. కూలి కొరకు వచ్చినవారెవరో, దేవుని కొరకు వచ్చినవారెవరో తేలవలెనని అతని తలంపు. కూలి నిలిచిన పిదపను జనులు వచ్చిరి. ఆ వచ్చినవారిలో ఎందరి తల్లులు ఏడ్చిరో, ఎందరి తండ్రులు ఇంటి తలుపులు మూసిరో ఏ పట్టికయందును వ్రాయబడలేదు.

అనగా మన యింటి విశ్వాసము ఒక తిరుగుబాటుతో మొదలైనది. తాత తన తండ్రిని కాదని చేసిన నిర్ణయమును మనము సాహసమని కొనియాడుచున్నాము. మనుమడు అట్టి ప్రశ్న యొకటి వేసినచో దానిని పొగరు అనుచున్నాము. ఇందు న్యాయమెక్కడ నున్నది?

ఈ వ్యాధి క్రైస్తవులకే చెందినది కాదు. పోతనగారి భాగవతము తెలుగువారి ప్రతి వాకిటను వినబడినదే. హిరణ్యకశిపుడు కుమారుని చండామార్కుల కప్పగించి, తన మతమునే బోధింపుడని ఆజ్ఞాపించెను. బడి పెట్టెను, గురువులను పెట్టెను, బెదరించెను, లాలించెను, తుదకు హింసించెను. బిడ్డ మనసు మారలేదు. ఆ కథ విన్నపుడు మనమందరము ప్రహ్లాదుని పక్షమే. కాని మన యింట ప్రహ్లాదుడు పుట్టినచో వెంటనే హిరణ్యకశిపుని పక్షము వహింతుము.

అట్లని బిడ్డకు ఏమియు నేర్పక, పెద్దయైన పిదప తానే యెంచుకొనునని ఊరకుండుటయు మాకు సమ్మతము కాదు. మాటలు నేర్పక భాషను ఎంచుకొమ్మనుట ఎట్టిదో ఇదియు అట్టిదే. నేర్పవలసినదే, అయితే నేర్పు విధమే ముఖ్యము. 1528లో మార్టిన్ లూథరు సాక్సనీ దేశపు పల్లెలలోని సంఘములను పరీక్షింప వెళ్లి, అచ్చటి జనుల అజ్ఞానమును చూచి విస్తుపోయెను. మరుసటి సంవత్సరము, అనగా 1529లో, కాటెకిజమను చిన్న ప్రశ్నోత్తర గ్రంథమును రచించెను. దానిలోని అధ్యాయములను గృహయజమానుడు తన యింటివారికి సులభముగా బోధింపవలెనని ఆయన స్పష్టముగా సూచించెను. పాదిరికి కాదు, పండితునికి కాదు, ఇంటి పెద్దకు ఆ పని అప్పగింపబడెను. 1842లో హయ్యరు దొర గుంటూరు చేరిన పిమ్మట ఈ ప్రాంతమున పెరిగిన లూథరను సంఘములందు ఆ గ్రంథము తరతరములుగా పిల్లలచే వల్లె వేయబడుచున్నది. అందు మాకు మిక్కిలి నచ్చినది దాని మాటలకంటె దాని పద్ధతి. ప్రతి వాక్యము వెంటనే దాని అర్థమేమని ఒక ప్రశ్న నిలుచును. మూలమును వల్లించినంత మాత్రమున చదువు కాదనియు, పదమునకు అర్థము, అర్థమునకు తాత్పర్యము వెదకవలెననియు మన వ్యాఖ్యాతలు చెప్పినదియు ఇదే. శోచనీయమైన సంగతి యేమనగా, మన యిండ్లలో పిల్లలు ఆ ప్రశ్నను కూడ జవాబుతో కలిపి వల్లె వేయుదురు. తాము నిజముగా అడిగిన నాడు మాత్రము నోరు మూయుమందుము.

మితిమీరిన బోధనయొక్క ఫలమును చూడగోరువారు ఎడ్మండ్ గాస్ 1907లో ప్రకటించిన ‘ఫాదర్ అండ్ సన్’ అను గ్రంథమును చదువవలెను. అతని తండ్రి ఫిలిప్ గాస్ సముద్రజీవులను గూర్చి గొప్పగా వ్రాసిన శాస్త్రజ్ఞుడు. ప్లిమత్ బ్రదరన్ అను కఠిననియమముల సమాజమునకు చెందినవాడు. ఆ సమాజమునుండియే బౌడెన్, బీర్ అను మిషనరీలు 1836లో మన దేశమునకు వచ్చి గోదావరి మండలమున పనిచేసిరి. కనుక ఆ కథ మనకు పూర్తిగా పరాయిది కాదు. కొయ్యకు రాతికి మ్రొక్కువారిపై దేవుడు ఆగ్రహించునని తండ్రి చెప్పగా విని, బాలుడు ఎవరును లేనపుడు ఒక కుర్చీకి మ్రొక్కి చూచెను. పిడుగు పడలేదు. పదియేండ్ల వయసుననే, 1859లో, వానికి పెద్దలతో సమానముగా బాప్తిస్మ మిచ్చిరి. తరువాత యువకుడై లండను నగరమున ఉద్యోగము చేయుచుండగా తండ్రి ఉత్తరముల మీద ఉత్తరములు వ్రాసి, ఆత్మ స్థితి యెట్లున్నదని ఆరా తీసెను. తుదకు కుమారుడు తండ్రిని ప్రేమించుచునే ఆయన మతమును విడిచెను. తండ్రి చెడ్డవాడు కాడు. బిడ్డయందు ప్రేమలేనివాడును కాడు. విత్తనము మొలచినదో లేదో యని ప్రతి ఉదయమును మన్ను త్రవ్వి చూచిన రైతువంటివాడు.

బిడ్డలు మన బోధను విందురో లేదో కాని, మన నడవడిని తప్పక చూతురు. మన దేవాలయములందు పెండ్లి నిశ్చయమైన పిదప మూడు ఆదివారములు వివాహ ప్రకటన చదువుట ఆచారము. ఈ వధూవరుల వివాహమునకు ఆటంకమేమైన ఉన్నయెడల తెలుపవలసినదని పాదిరిగారు అడుగుదురు. బెంచీలపై కూర్చున్న పిల్లలకు కట్నమెంతయో ముందే తెలిసియుండును. ఆ కట్నము 1961 నాటి చట్టము ప్రకారము నేరము. ఆటంకమని లేచినవారిని మాత్రము మేము నేటివరకు చూడలేదు. దేవునియెదుట మనుష్యులందరు సమానులని ఆదివారపు బడిలో బోధింతుము. ఒకే బల్లయొద్ద ప్రభురాత్రి భోజనము పుచ్చుకొన్న మాల మాదిగ కుటుంబముల నడుమ పెండ్లి సంబంధములు నేటికిని అరుదు. ఏ పాఠము నిజమో బిడ్డలు తేల్చుకొందురు.

కొన్నియెడల తప్పు తల్లిదండ్రులది మాత్రమే కాదు. ఒక జూన్ నెలలో మేము పిల్లలను చేర్చుకొను బల్లయొద్ద కూర్చుండగా ఒక కూలివాడు కుమారుని వెంటబెట్టుకొని వచ్చెను. అడ్మిషను రిజిస్టరులో మతమను గడియొద్దకు వచ్చి అడిగితిమి. బాలుడు ఉత్సాహముతో "క్రైస్తవులమండి" అనెను. తండ్రి వాని భుజముపై చేయి వేసి, నేలచూపు చూచుచు, "హిందువని రాయండి మాస్టారూ" అనెను. తండ్రి చెప్పినట్లే వ్రాసితిమి. బాలుడు మరల నోరు తెరువలేదు.

ఆ తండ్రిని నిందించుటకు మాకు నోరు రాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము షెడ్యూల్డు కులముల హోదా మొదట హిందువులకే యుండెను. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరింపబడెను. క్రైస్తవులకు నేటికిని లేదు. తెలుగు రాష్ట్రములలో అట్టివారిని వెనుకబడిన తరగతులలో ‘సి’ వర్గమున చేర్చిరి; ఆ వర్గమునకు దక్కు భాగము మిక్కిలి స్వల్పము. ఊరిలో అంటరానితనము క్రీస్తు పేరు విని పారిపోదు. ప్రభుత్వపు సహాయము మాత్రము ఆ పేరు వినగానే తొలగిపోవును. కనుక పేదవాడు ఇంటిలో ఒక పేరును, కాగితముమీద వేరొక పేరును పెట్టుకొని బ్రదుకుచున్నాడు. అతని బిడ్డ మొదటి తరగతిలోనే నేర్చిన పాఠమేమి? విశ్వాసము మాటున దాచవలసిన వస్తువని. కడుపు నిండినవారు ఆ తండ్రికి సత్యమును బోధించుటకు ముందు ఆ ఉత్తర్వును మార్చుటకు పాటుపడవలెను.

మాకు అట్టి అక్కర లేదు, నెల జీతమున్నది. అయినను సత్యమునకు వెల చెల్లింపవలసిన దినము మా యింటికిని వచ్చినది. మా అమ్మాయికి పదునైదవ యేట కన్ఫర్మేషను జరుగవలసియుండెను. శిశువుగా ఉన్నపుడు తల్లిదండ్రులు తన పక్షమున పలికిన ప్రమాణమును బిడ్డ పెద్దయై సంఘము నెదుట తన నోట తాను పలుకు ఆరాధన మది. పాఠములన్నియు నేర్చినది, ప్రశ్నలన్నిటికి జవాబులు చెప్పగలదు. ఆ ఆదివారమునకు రెండు వారముల ముందు, కుటుంబ ప్రార్థన ముగిసిన పిదప, ఆ పిల్ల మా యొద్దకు వచ్చి యిట్లనెను: "అందులో కొన్ని మాటలు నాకింకా నమ్మబుద్ధి కావడం లేదు నాన్నా. నమ్మనిదాన్ని నమ్ముతున్నానని అందరి ముందూ చెబితే అబద్ధం కాదా? అబద్ధమాడొద్దని నేర్పింది మీరేగా?"

మేము వెంటనే జవాబు చెప్పలేదు. మా తల్లి ఆ రాత్రి అన్నము ముట్టలేదు. మా యింటావిడ, "ఊళ్లో వాళ్లేమంటారు? రేపు సంబంధాలు చూసేటప్పుడు ఈ మాట రాదా?" అని కన్నీరు పెట్టుకొనెను. ఆమె భయము నిర్హేతుకము కాదు; చిన్న సంఘములలో ఇట్టి మాట పదేండ్లు నిలుచును. పాదిరిగారు దయగలవారు, అర్థము క్రమముగా తెలియును, ఇప్పటికి నిలుచుండనిండు అని సలహా యిచ్చిరి. మేము రెండు రాత్రులు ఆలోచించితిమి. బిడ్డకు మేము ఇచ్చిన రెండు వస్తువులు ఒకదానితో ఒకటి పోరాడుచున్నవి: మా విశ్వాసమొకటి, సత్యమాడవలెనను నియమమొకటి. మొదటిదాని కొరకు రెండవదానిని చంపుమని చెప్పినచో, రిజిస్టరు బల్లయొద్ద తలవంచుకొన్న ఆ బాలునికి బీదరికము నేర్పిన పాఠమునే మేము ఏ బీదరికమును లేకుండ మా బిడ్డకు నేర్పినవారమగుదుము. "నమ్మిన నాడే పలుకుదువుగాని తల్లీ, అంతవరకు మాతో కూర్చుండుము" అని చెప్పితిమి.

ఆ ఆదివారము తొమ్మిదిమంది పిల్లలు తెల్లని బట్టలతో ముందు నిలుచుండిరి. మా పిల్ల మా ప్రక్క బెంచీమీద కూర్చుండెను. వెనుకనుండి గుసగుసలు వినబడెను. కీర్తన మొదలైనపుడు ఆ పిల్ల అందరితో కలిసి పాడెను. అది జరిగి రెండేండ్లైనది. నేటికిని ప్రమాణము పలుకలేదు. చూపు మందగించిన నాయనమ్మకు మాత్రము ప్రతి సాయంకాలము బైబిలులో ఒక అధ్యాయము చదివి వినిపించును. నడుమ నడుమ, "ఇక్కడ ఇలా ఎందుకన్నాడు నాయనమ్మా?" అని అడుగును. మొదట విసుగుకొన్న మా తల్లి ఇప్పుడు ఆ ప్రశ్నలకు పగలెల్ల జవాబులు వెదకుకొనుచున్నది. ఎనుబదియేండ్ల వయసున ఆమెకు తన విశ్వాసము యొక్క అర్థమును అడిగినవారు ఈ పిల్ల తప్ప లేరు.

బిడ్డలకు మననుండి చేరునది మనము తలచిన రూపముననే చేరవలెనను నియమము లేదు. 1895లో వినుకొండలో పుట్టిన గుఱ్ఱం జాషువాగారు క్రైస్తవ గృహమున పెరిగిరి. 1941లో ‘గబ్బిలము’ వ్రాసి, అంటరానివాని మొరను కాశీలోని శివునికి పంపిరి. ‘క్రీస్తు చరిత్ర’ కావ్యమునకు 1964లో సాహిత్య అకాడమీ పురస్కార మందుకొనిరి. ఆయన కుమార్తె హేమలతగారు నాస్తికోద్యమ నాయకుడైన గోరాగారి కుమారుడు లవణంగారిని వివాహమాడిరి. స్టూవర్టుపురమున నేరస్థులని ముద్రపడిన కుటుంబముల నడుమను, నిజామాబాదు ప్రాంతమున జోగినుల నడుమను ఆ దంపతులు ఏండ్లతరబడి పనిచేసిరి. మతము పేరు చూచి లెక్క వ్రాయువాడు ఇచ్చట దాయము తెగినదనును. గబ్బిలమును చదివినవాడు అట్లు చెప్పజాలడు. అందలి ఆవేదన ఆ బిడ్డ చేతులలో పనియైనది.

ఇక మా యింట నిశ్చయించుకొన్నవి చెప్పెదము. ప్రార్థన మానము, వచ్చి కూర్చుండుమని పిలుతుము, లెక్క తీయము. అడిగిన ప్రశ్నకు తెలిసినంత చెప్పెదము; తెలియనియెడల తెలియదందుము. కట్నము పుచ్చుకొనము, ఇయ్యము. ఈ మాట బంధువులకు ఇప్పుడే తెలియజేసితిమి. అమ్మాయి వివాహమునకు కులమడుగువారితో సంబంధము కలుపుకొనము. మా యింటావిడ మొదటి మూడింటికి ఒప్పుకొన్నది. నాలుగవదానిని గూర్చి ఇంకను ఆలోచించుచున్నది.