మార్కెట్టు వేళకి ఉగ్గాని

భీమిలి నుంచి నన్ను ఆదోని శాఖకి బదిలీ చేసినప్పుడు మా నాన్న రైల్వే మ్యాపు ముందేసుకుని, "సముద్రానికి ఇంత దూరం పంపేశారేంట్రా" అన్నారు. 1990ల మొదట్లో మాట. గుంతకల్లులో దిగి రాయచూరు వైపు బండెక్కాను. కిటికీ అవతల నల్లరేగడి, తుమ్మచెట్లు, ఎండ. సాయంత్రమైతే ఇసుకలో తిరిగిన వాణ్ణి, ఈ ఊళ్లో పొద్దెలా పోతుందని బెంగపడ్డాను. బ్యాంకులో అటెండరు తేల్చేశాడు: "పొద్దున్నే మార్కెట్‌ యార్డుకు పోండి సార్. తినేదీ చూసేదీ రెండూ ఆడనే."

యార్డు గేటు దగ్గర బండి మీద ఉగ్గాని. చెయ్యడం సులువనుకుంటారు గానీ, కిటుకంతా నీళ్ల దగ్గరే ఉంది. బొరుగులు నీళ్లలో అలా ముంచి, రెండు గుప్పిళ్లతో గట్టిగా పిండి, వెంటనే బాణలిలో పడెయ్యాలి. ఒక్క క్షణం ఆలస్యమైతే ముద్దే. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పసుపు తాలింపు, పైన పుట్నాల పొడి, నిమ్మరసం. పక్కన మిరపకాయ బజ్జీ తప్పదు. మా వైపు ఇడ్లీతో పోలిస్తే ఇది టిఫినేనా అని మొదట్లో అనుమానపడ్డాను. నెల తిరిగేసరికి ఇడ్లీ చప్పగా అనిపించింది. ఎనిమిది దాటితే బండి ఖాళీ. హమాలీలు, రైతులు, మండీ గుమస్తాలు తినగా మిగిలితేనే మనకి.

తిన్నాక లోపలికి. ఆంధ్రలో పత్తికి పెద్ద మార్కెట్టు ఇదే. ఊరిని రెండో బొంబాయి అంటే అతిశయమనుకున్నాను గానీ, పత్తి దిగే రోజుల్లో ఆ యార్డు చూస్తే సగం నమ్మొచ్చు. కొనేవాడు రాశిలోకి మోచేతి దాకా చెయ్యి దూర్చి, అడుగు నుంచి పిడికెడు లాగుతాడు. రెండు బొటనవేళ్ల మధ్య పీచు సాగదీస్తాడు. గింజ పంటికింద పెట్టి కొరికి తేమ చూస్తాడు. అంతసేపూ రైతు అతని మొహమే చూస్తుంటాడు. బేరం తెలుగులో మొదలై, ఉర్దూలో బిగిసి, కన్నడంలో తెగేది. 1953 అక్టోబరు 1 దాకా ఆదోని బళ్లారి జిల్లా తాలూకానే కదా.

మధ్యాహ్నపు ఎండలో కోట ఎక్కమని ఎవరూ చెప్పకూడదు, నేనూ చెప్పను. రణమండల ఆంజనేయుడి కొండకి తెల్లవారుజామునే పోవాలి. ఎండపూట నీడ కావాలంటే షాహీ జామియా మసీదు ఉంది. బీజాపూరు సుల్తానుల తరఫున ఆదోనిని ఏలిన సిద్ది మసూద్‌ ఖాన్‌ 17వ శతాబ్దంలో కట్టించినది. రాఘవేంద్రస్వామికి మంచాల గ్రామాన్ని, అంటే నేటి మంత్రాలయాన్ని, ఇచ్చిందీ ఆయనేనని మంత్రాలయం వైపు చెప్పుకుంటారు. మసీదు చూసి బస్సెక్కి మంత్రాలయం పోతే ఒకే మనిషి కథ రెండు చోట్లా వింటాం. ఆదివారాలు నా సముద్రం కూడా అక్కడే. వేసవిలో తుంగభద్ర బండలుగా, మడుగులుగా ఉండేది. మోకాల్లోతు నీళ్లలో కూర్చుంటే చాలనిపించేది. ఆ నదే 2009 అక్టోబరులో రాఘవేంద్రస్వామి మఠాన్ని ముంచెత్తిందని టీవీలో చూసి నమ్మలేకపోయాను.

ఎమ్మిగనూరుకి జాతరకే వెళ్లాలి. సంక్రాంతికి ముందూ వెనకా నీలకంఠేశ్వరస్వామి రథోత్సవం, దానితోపాటు ఎద్దుల సంత. పళ్లు లెక్కపెట్టి, తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని బేరం చేసేవాళ్లు. ఎంత పలికిందో పక్కవాడికి తెలియదు. తిరుగు ప్రయాణంలో చేనేత సహకార సంఘం దుప్పట్లు కొన్నాను. పద్మశ్రీ మాచాని సోమప్ప 1938లో పెట్టిన సంఘం అది.

ఇక రొట్టె. జొన్నరొట్టె హోటల్లో తింటే సగమే తిన్నట్టు. కోసిగి దగ్గర పల్లెలో అప్పు వసూలుకి వెళ్లినప్పుడు ఒకామె గడపలో రొట్టెలు తడుతోంది. పిండి మీద అరచెయ్యి టపటపా పడుతుంటే రొట్టె తనే గుండ్రంగా తిరుగుతోంది. పెనం మీద వేశాక తడిగుడ్డతో పైన ఒక్కసారి రాసి తిప్పేసింది. వెనక గంపలో ఎండబెట్టిన సజ్జరొట్టెలు దొంతరగా ఉన్నాయి. వీధిలో సగం ఇళ్లకి తాళాలు. సుగ్గికి, అంటే గుంటూరు వైపు మిరప కోతలకి, పిల్లాపాపలతో పోయినవాళ్లవి. రేపు వీళ్లదీ లారీ. అప్పు సంగతి ఎత్తలేక, "అన్ని రొట్టెలెందుకమ్మా, అక్కడ బియ్యం దొరకవా" అన్నాను.

"దొరుకుతాయి సార్. చేన్లో దిగినాక వండే పొద్దేడుంటాది? తినిపోండి, కారం నూరినా" అంది.

వేడి రొట్టె, శెనక్కాయల కారం, పచ్చి ఉల్లిపాయ. రెండు తిన్నాను. వాయిదా కోతల తర్వాతకి రాసుకున్నాను.