గది నంబరు 512

2025 జూన్ 5, గురువారం

నిన్న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం గేట్ల దగ్గర తొక్కిసలాటలో 11 మంది చనిపోయారు. ఆర్‌సీబీ ఐపీఎల్ 18వ సీజన్‌లో తొలిసారి కప్పు కొట్టిన సంబరమది. పొద్దున్నుంచి ఆఫీసులో ఒకటే వాదన. పోలీసులదే తప్పని ఒకరు, పిలిచినవాళ్లదని ఒకరు, అంత జనంలోకి అసలెందుకు వెళ్లాలని ఇంకొకరు. రాత్రికి పోలీస్ కమిషనర్నే సస్పెండ్ చేశారు. పోయినవాళ్ల ఊసు మాత్రం ఎవరూ ఎత్తలేదు.

జూన్ 8, ఆదివారం

ఆ వాదనలు విన్నాక, మెటల్ బ్యాండ్ ల్యాంబ్ ఆఫ్ గాడ్ పాట '512' మళ్లీ మళ్లీ వింటున్నాను.

ఈ బ్యాండ్ 2010 మేలో ఇక్కడే, పాలెస్ గ్రౌండ్స్‌లో వాయించింది. అదే నెలలో ప్రాగ్‌లోని ఓ క్లబ్బులో స్టేజీ ఎక్కిన 19 ఏళ్ల అభిమాని కిందపడ్డాడు. తలకు దెబ్బ తగిలి, కొన్ని వారాలకు చనిపోయాడు. గాయకుడు రాండీ బ్లైత్‌కి ఆ సంగతే తెలియదు. 2012 మేలో మళ్లీ బెంగళూరొచ్చి పాడాడు. జూన్‌లో ప్రాగ్ విమానాశ్రయంలో దిగగానే ఆ చావు కేసులో అరెస్టు చేశారు. ఐదు వారాలు జైల్లో ఉన్నాడు.

బెయిల్ దొరికి అమెరికా చేరాక అక్కడే ఉండిపోగలిగేవాడే. అయినా ఆ కుర్రాడి కుటుంబానికి జవాబు దక్కాలంటూ విచారణకి తిరిగొచ్చాడు. 2013 మార్చి 5న కోర్టు తీర్పు చెప్పింది: కుర్రాణ్ణి తోసింది అతనే, నైతిక బాధ్యత ఉంది, శిక్షించదగ్గ నేరం మాత్రం కాదు. తప్పులో పెద్ద వాటా జనాన్ని స్టేజీ ఎక్కనిచ్చిన నిర్వాహకులది, సెక్యూరిటీది.

512 అతన్ని ఉంచిన ఒక గది నంబరు. పాటలో ఎక్కడా తనని తాను వెనకేసుకురాడు. ఆ నాలుగు గోడల మధ్య తానేమైపోయాడో చూసుకుంటాడు, అంతే. 1970లో బ్లాక్ సబాత్ బ్యాండ్ పాట 'వార్ పిగ్స్' యుద్ధం చేయించే పెద్దల్ని నిలదీసింది. 1965లో మన దిగంబర కవులు సమాజం మీద విరుచుకుపడ్డారు. ఆ కోపం న్యాయమైనదే, నాకిష్టమే. కానీ వేలు తనవైపు తిప్పుకున్న ఈ పాట నన్ను ఎక్కువ కదిలిస్తుంది.

జూన్ 14, శనివారం

అనంతపురం నుంచి తమ్ముడి ఫోన్.

"బ్లైత్‌ని కోర్టే వదిలేసింది కదన్నా, ఇంకా బాధ దేనికి?"

"కోర్టు తేల్చింది శిక్ష సంగతి రా. ఒక ప్రాణం పోయింది. ఆ లెక్క ఏ కోర్టూ తేల్చదు."

"మరి మిగతావాళ్ల తప్పో?"

"వాళ్ల వాటా వాళ్లదే. దాంతో ఇతని వాటా తగ్గదు."

వాడికి మోష్‌పిట్ గురించి చెప్పాను. మెటల్ కచేరీల్లో స్టేజీ ముందు జనం ఒకరినొకరు గుద్దుకుంటూ ఊగే చోటది. చూసేవాళ్లకి కొట్లాటలా ఉంటుంది. ఒకడు పడ్డాడా, చుట్టూ ఉన్నవాళ్లు చేతులు చాచి జనాన్ని ఆపుతారు, చంకల కింద పట్టి లేపుతారు. ఎవడిదో ఊడిన బూటు దొరికితే దాన్ని తలపైకి ఎత్తి చూపిస్తారు. పడినవాణ్ణి లేపడం పక్కనున్న ప్రతివాడి పని.

చిన్నస్వామి ఘటన మీద జస్టిస్ డికున్హా కమిషన్ వేశారు. నివేదిక వచ్చేదాకా ఆగక్కర్లేదు. పిలిచినవాళ్లూ, అనుమతిచ్చినవాళ్లూ, కాపలా ఉన్నవాళ్లూ ఆ 11 ఇళ్లకీ వెళ్లి, ఇందులో మా తప్పు ఇంత అని సొంత నోటితో చెప్పాలి.