ఉప్పల్, నాచారములు: ఒక బడిలోని పుస్తకముల గది

హైదరాబాదు నగరమునకు తూర్పుదెసను, మూసీనదికి ఉత్తరపు గట్టున ఉప్పల్ కలదు. ఒకప్పుడిది పొలముల నడుమ నుండిన పల్లె. పాత కాగితములలో ఉప్పల్ కలాన్ అను పేరు నేటికిని కనబడును. 2007వ సంవత్సరమున ఇచ్చటి పురపాలక సంఘము మహానగర పాలక సంఘములో కలిసిపోయెను. ఇప్పుడు ఉప్పల్ కూడలిలో నిలుచున్నవారికి పల్లె జాడ తెలియదు. వరంగల్లు బాట యొకవైపు, నాగోలు మీదుగా ఎల్బీనగరము బాట యొకవైపు, రామంతాపూర్ బాట యొకవైపు, సికింద్రాబాదు బాట యింకొకవైపు సాగిపోవుచుండును. యాదగిరిగుట్టకు పోవు యాత్రికులు బస్సుల నెక్కునదియు నిచ్చటనే. 2017 నవంబరులో మెట్రో రైలు వచ్చెను. బండ్ల రద్దీలో రోడ్డు దాటలేక అవస్థపడు స్త్రీలకును పిల్లలకును 2023లో తెరచిన ఆకాశపు నడకదారి కొంత ఉపశమనము గూర్చినది. ఉప్పల్ అనగానే పురుషులకును బాలురకును క్రికెట్టు మైదానము జ్ఞప్తికి వచ్చును. నాకు మాత్రము ఈ ప్రాంతమున మిక్కిలి నచ్చినది ఒక పుస్తకముల గది. దానిని గూర్చియే నేడు సోదరీమణులకు విన్నవింపదలచితిని.

ఉప్పల్‌లో మెట్రో బండి నెక్కినచో స్టేడియము, ఎన్.జి.ఆర్.ఐ. అను రెండు స్టేషనులు దాటి హబ్సిగూడ చేరుదుము. ఈ కొద్దిపాటి దూరములోనే భూమి లోపలి సంగతులను పరిశోధించు సంస్థయు, జీవకణముల రహస్యములను వెదకు సంస్థయు కలవు. మొదటిది 1961లోను, రెండవది 1977లోను ఏర్పడినవి. హబ్సిగూడ కూడలిలో దిగి ఉత్తరముగా తిరిగినచో నాచారము. ఇచ్చటి తీరు వేరు. చెరువును, కార్మికుల ఈ.ఎస్.ఐ. ఆసుపత్రియు, పారిశ్రామికవాడయు, నందమూరి తారకరామారావుగారు 1976లో నెలకొల్పిన రామకృష్ణా స్టూడియోయు ఈ యూరి గురుతులు. ఉదయము ఏడు గంటల వేళ భోజనపు డబ్బాలు చేతబట్టుకొని కర్మాగారములకు నడచిపోవు స్త్రీలును, బరువైన సంచులు వీపున మోయుచు బడికి పోవు పిల్లలును ఒకే బాటపై ఎదురగుదురు. శాస్త్రజ్ఞుని బిడ్డయు, యంత్రము ముందు షిఫ్టు పని చేయు తల్లి బిడ్డయు ఒకే వరుసలో కూర్చుండు బడులు ఇచ్చట లేకపోలేదు.

అట్టి బడి యొకదానిలో మా ఆడపడుచుగారి మనుమరాలు చదువుచున్నది. ఆ చిన్నదానితో కూడ నేనొకనాడు అచ్చటి గ్రంథాలయమును చూడబోయితిని. గది పెద్దది కాదు. కిటికీ ప్రక్కన పొడవైన బల్ల యొకటి, గోడల వెంబడి బీరువాలు, నేలపై చాపలు. బీరువాలలో దేనికిని తాళము లేదు. గ్రంథపాలకురాలు నలువదేండ్ల వయస్సుగల యామె. పుస్తకములు చిరిగిపోవునని బీరువాలకు తాళములు వేయుట పూర్వపు వాడుకయట. ఆమె వచ్చిన పిదప తాళములు తీసివైచి, చిరిగినవానిని అతికించు పనిని పిల్లలకే అప్పగించినది. "చదివిన పుస్తకమే చిరుగునమ్మా, చిరుగనివాటిని చూచియే నాకు దిగులు" అని ఆమె నాతో ననెను.

గ్రంథాలయ శాస్త్రమునకు మన దేశమున పునాది వేసిన రంగనాథన్‌గారు 1931లోనే ఐదు సూత్రములు చెప్పియుండిరి. చదువరి యొక్కొక్కరికి తగిన పుస్తకము చేరవలెననియు, పుస్తక మొక్కొక్కదానికి తగిన చదువరి దొరకవలెననియు వానిలో రెండింటి సారాంశము. ఈమె చేయు పని యంతయు ఆ రెండింటిలోనే యిమిడియున్నది. క్రొత్త పుస్తకములు వచ్చినప్పుడు వానిని బీరువాలో నుంచక బల్లపై పరచును. పిల్ల రాగానే "ఇది మంచి పుస్తకము, చదువుము" అని చెప్పదు. కడపట చదివినదేది, ఎచ్చట విసుగు పుట్టి ఆపితివి, ఇంటిలో నీతో కూడ చదువువారెవరు అని మూడు ప్రశ్నలు వేయును. పిమ్మట రెండు మూడు పుస్తకములు ముందుంచి తాను ప్రక్కకు తొలగును. ఎన్నుకొనుట పిల్ల పని.

ఆమె చెప్పిన మరియొక సంగతి తల్లులందరును మనస్సున నుంచుకొనదగినది. వయస్సును బట్టియు తరగతిని బట్టియు మాత్రమే పుస్తకమీయరాదు. ఇంగ్లీషు మాధ్యమమున చదువు తొమ్మిదవ తరగతి పిల్ల తెలుగును తడుముకొనుచు చదువుచుండవచ్చును. ఆమె చేతికి పసిపిల్లల బొమ్మల కథ నిచ్చినచో తోడివారి యెదుట సిగ్గుపడి, మరల తెలుగు పుస్తకము ముట్టదు. లావైన గ్రంథము నిచ్చినచో పది పుటలకే అలసిపోవును. పుటలు తక్కువగాను, మాటలు తేలికగాను ఉండి, విషయము మాత్రము ఆమె యీడునకు తగినదైన పుస్తకమును వెదకి యీయవలెను. ఆ వెదకుటయే గ్రంథపాలకుల విద్య.

ఆనాడు బల్లపై నున్న పుస్తకములను గూర్చి ఆమె చెప్పినది వివరింతును. ఐదు మొదలు ఏడేండ్ల పిల్లలకు నేషనల్ బుక్ ట్రస్టువారి నెహ్రూ బాల పుస్తకాలయపు పుస్తకములును, ప్రథమ్ బుక్స్ వారి బొమ్మల కథలును, తెలుగు ఇంగ్లీషులు రెండును ఒకే పుటపై నుండు తూలికవారి పుస్తకములును ఉంచినది. రెండు భాషలుగల పుస్తకమును తల్లి యొక భాషలోను బిడ్డ యింకొక భాషలోను చదువుకొనవచ్చును.

ఎనిమిది మొదలు పదునొకండేండ్లవారికి కేంద్ర సాహిత్య అకాడెమీ బాలసాహిత్య పురస్కారములు పొందిన కథలను ఆమె ముందుంచును. కన్నెగంటి అనసూయగారి 'స్నేహితులు' 2020లోను, డి.కె. చదువుల బాబుగారి 'వజ్రాల వాన' 2023లోను, గంగిశెట్టి శివకుమార్‌గారి 'కబుర్ల దేవత' 2025లోను ఈ గౌరవమును పొందినవి. విడివిడి కథలగుటచే ఒక కూర్చుండులో ఒకటి ముగియును. ముగించితినను తృప్తి పిల్లను రెండవ కథకు లాగుకొని పోవును. 2021లో పురస్కారము పొందిన దేవరాజు మహారాజుగారి 'నేను అంటే ఎవరు?' నాటకము. నాటకమును ఒక్కరు గాక అయిదారుగురు కలిసి పైకి చదువుదురు. తడబడు పిల్లకు చిన్న పాత్ర నిచ్చినచో తప్పు చదువుదునను భయము తగ్గునని ఆమె యనుభవము.

పన్నెండు పదుమూడేండ్లవారికి నవల యొకటి తుదివరకు చదువు ఓపిక నేర్పవలెను. అందులకై 2024లో పురస్కారమందిన పి. చంద్రశేఖర్ ఆజాద్‌గారి 'మాయాలోకం' నొకటి, జపాను రచయిత్రి తెత్సుకో కురొయనాగిగారి 'తొత్తోచాన్'కు తెలుగైన 'రైలుబడి' నొకటి ఆమె యుంచినది. రెండవది క్రొత్తది కాదు. మూలము 1981లో వెలువడినది. అయినను ఏటేట క్రొత్త పిల్లలకది క్రొత్తదే. పాత రైలుపెట్టెలనే తరగతి గదులుగా చేసిన బడి కథ యది. ఆ బడికి ఒకనాటి రాత్రి మరియొక పెట్టె వచ్చును. అది గ్రంథాలయమగును. ఎవరెప్పుడు ఏ పుస్తకమైనను చదువుకొనవచ్చునని ప్రధానోపాధ్యాయుడు చెప్పును. 1945లో యుద్ధపు బాంబులకు ఆ బడి కాలిపోయెను. మెట్రో బండిలో నిత్యము తిరుగు ఉప్పల్ పిల్లలు ఈ పుస్తకమును వదలరట.

పదునాలుగు దాటినవారికి మహమ్మద్ ఖదీర్‌బాబుగారి 'దర్గామిట్ట కథలు', అబ్దుల్ కలాంగారి ఆత్మకథకు వాడ్రేవు చినవీరభద్రుడుగారి తెలుగు 'ఒక విజేత ఆత్మకథ', హైదరాబాదులోని అన్వేషి స్త్రీల అధ్యయన కేంద్రమువారు 2008లో వెలువరించిన పిల్లల కథలు కలవు. అన్వేషివారి కథలలో గోగు శ్యామల మొదలగువారు వ్రాసినవి యుండుటచే, పాఠ్యపుస్తకములలో తమ యిండ్లవంటి యిల్లు కనబడని పిల్లలకు అది కనబడును. నాచారమువంటి చోట దీని విలువ యెంతయో చెప్పనక్కరలేదు.

ఇక ఆమె చెప్పిన యొక తల్లి సంగతి. ఔషధముల కర్మాగారమున పనిచేయు నొకామె పల్లెలో ఏడవ తరగతి వరకు తెలుగు చదువుకొన్నది. కుమార్తె తొమ్మిదవ తరగతి, ఇంగ్లీషు మాధ్యమము. బిడ్డ పుస్తకములు తల్లికి తెలియవు; తల్లికి తెలిసిన అక్షరములయందు బిడ్డకు గౌరవము లేదు. గ్రంథపాలకురాలు ఆ పిల్లకు 'రైలుబడి' నిచ్చి, ఇంటిలో పైకి చదువుమని మాత్రము చెప్పెను. తల్లి రొట్టెలు చేయుచు విని, బిడ్డ తప్పిన వత్తులను సరిదిద్దెనట. నాలుగు దినముల పిదప షిఫ్టు నుండి రాగానే ఆ తల్లి "ఆ పిల్ల ఏమాయెనే?" అని తానే యడిగినదట. అంతవరకు ఆ యింట చదువు విషయమున తల్లి మాటకు చోటు లేదు. ఆనాటి నుండి చోటు కలిగినది.

తెలంగాణమున 2018 నాటి శాసనముచే బడులన్నింటను తెలుగు బోధన తప్పనిసరి యైనది. అది మంచిదే. కాని పరీక్షకొరకు చదువు పాఠము వేరు, ఇష్టపడి చదువు పుస్తకము వేరు. 2022లో ప్రభుత్వమువారు నూరు దినముల పఠన కార్యక్రమము నడిపినదియు ఈ కొరతను గుర్తించియే. ఐనను బడులలో మొదట కోతపడునది గ్రంథాలయపు గంటయే. నేను చూచిన బడిలోను, తొమ్మిది, పది తరగతుల గ్రంథాలయపు గంటలను గణితమునకు ఇచ్చివేయవలెనని యేర్పాటు జరిగెను. తల్లిదండ్రుల సమావేశమున పై తల్లియు మరి కొందరును లేచి, వారమున కొక్క గంటయైన నుంచుడని కోరిరి. తొమ్మిదవ తరగతికి గంట మిగిలినది. పదవ తరగతికి మిగులలేదు. గ్రంథపాలకురాలు పదవ తరగతి పిల్లలకు మధ్యాహ్న భోజనపు వేళ గది తెరచియుంచుచున్నది.

ఈ పుస్తకములు దొరకుట కష్టమని యనుకొనవలదు. హబ్సిగూడ తరువాతి స్టేషను తార్నాక. బాలసాహిత్యమునకే అంకితమైన 'మంచి పుస్తకం' ప్రచురణ సంస్థ అచ్చటనే యున్నది. ఏటేట సాధారణముగా డిసెంబరు నెలలో హైదరాబాదు పుస్తక ప్రదర్శనము జరుగును. కొనజాలనివారికి బడి గ్రంథాలయమే యున్నది.

మన పెద్దలు ఈ పనిని చిన్నదిగా తలపలేదు. న్యాయపతి రాఘవరావుగారును కామేశ్వరిగారును 1945లో 'బాల' పత్రికను, నాగిరెడ్డి చక్రపాణిగారలు 1947లో 'చందమామ'ను ఆరంభించిరి. ఆ రెండు పత్రికలును నేడు లేవు. కథ కొరకు నెలనెల తపాలావాని రాకకు ఎదురుచూచిన తల్లుల బిడ్డలకు ఇప్పుడు కథ నందించువారు బడి గ్రంథపాలకులే.

కావున సోదరీమణులారా, బిడ్డ బడికి పోయినప్పుడు మార్కుల పట్టికతో పాటు గ్రంథాలయమును కూడ ఒకసారి చూడుడు. బీరువాకు తాళమున్నదో లేదో, వారమున కెన్ని గంటలు కేటాయించిరో యడుగుడు. వారమున కొక తెలుగు పుస్తక మింటికి తెచ్చుకొనుమని బిడ్డకు చెప్పుడు. చదువునప్పుడు తప్పులెంచి గద్దింపక, వంట చేయుచు వినుడు. ఆడపిల్లలు పదుమూడవ యేట ఇంటి పనులును పరీక్షలును మీదబడి చదువు సరదాను విడిచిపెట్టుచున్నారని ఆ గ్రంథపాలకురాలు నాతో చెప్పినది. ఆ యేడు దాటిపోకముందే మన యింటి పిల్ల చేత ఒక మంచి పుస్తకము తుదివరకు చదివింపగలిగినచో, పిమ్మట వేరొకరు చెప్పనక్కరలేకయే తానే రెండవదానిని వెదకుకొనును.