వరిచేల పక్కన రన్‌వే

గోందియా పేరు వినగానే మనవాళ్లకి గుర్తొచ్చేది రైల్వే జంక్షన్. హౌరా నుంచి ముంబయి వెళ్లే పెద్ద లైను మీద, నాగపూర్‌కి తూర్పున నూటముప్పై కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. మహారాష్ట్రకి ఆ కొస. ఇంకొంచెం ముందుకెళితే ఒకవైపు ఛత్తీస్‌గఢ్, ఇంకోవైపు మధ్యప్రదేశ్. జిల్లా అంతా వరి. ఊళ్లో ఎటు చూసినా రైస్ మిల్లులు. మిర్యాలగూడలో కళ్లు మూసుకుని గోందియాలో తెరిస్తే, బోర్డుల మీది అక్షరాలు తప్ప పెద్ద తేడా కనిపించదు.

ఆ ఊరికి పన్నెండు కిలోమీటర్ల దూరంలో బిర్సీ అనే చిన్న పల్లె ఉంది. ఊరు దాటాక రోడ్డుకి రెండువైపులా పొలాలే. చెరువులు, గట్ల మీద ఈత చెట్లు, అక్కడక్కడా ఎడ్లబండి. ఉన్నట్టుండి తలమీద నుంచి తెల్లటి బుల్లి విమానం గుయ్‌మంటూ పోతుంది. అది కనుమరుగయ్యే లోపే వెనకాల ఇంకోటి. పొలంలో పనిచేసే వాళ్లు తల కూడా ఎత్తరు. వాళ్లకది రోజూ వచ్చే కొంగల గుంపుతో సమానం.

ఇక్కడి పైలట్ శిక్షణ కేంద్రం గురించి మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఇంటర్ ఎంపీసీ పిల్లలున్న ఇళ్లలో అప్పుడప్పుడు మాట వస్తూనే ఉంటుంది. 'ఎయిర్‌లైన్ స్పాన్సర్డ్ కేడెట్ ప్రోగ్రామ్' అన్న ప్రకటన పేపర్లో పడిన రోజైతే మరీను. ఆ మాటల్లో నిజమెంతో చూద్దామని శీతాకాలంలో రెండు రోజులు అక్కడ గడిపాను.

యుద్ధం కోసం వేసిన రన్‌వే

బిర్సీ రన్‌వే ఇప్పటిది కాదు. రెండో ప్రపంచ యుద్ధం అవసరాల కోసం 1940లో బ్రిటిష్ వాళ్లు వేసింది. యుద్ధం అయిపోయింది, వాళ్లూ వెళ్లిపోయారు. రన్‌వే మిగిలింది. చాలాకాలం రాష్ట్ర ప్రభుత్వం చేతుల్లో ఉన్నాక 2005 చివర్లో ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ తీసుకుంది. 2008లో ఆ అథారిటీ, కెనడాకి చెందిన సీఏఈ కంపెనీ కలిసి ఇక్కడ నేషనల్ ఫ్లయింగ్ ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్ పెట్టాయి. ఇండిగో కేడెట్లు శిక్షణ పొందే చోట్లలో ఇదొకటి.

ఇంత మారుమూల ఎందుకు? కారణం చాలా మామూలుది. ఇక్కడ ఆకాశం ఖాళీ. నేర్చుకునేవాడు ఒకే రోజు పదిసార్లు దిగాలి, పదిసార్లు లేవాలి. శంషాబాద్‌లాంటి చోట అలా కుదరదు. అక్కడ ప్రతి నిమిషానికీ ఎవరో ఒక పెద్ద విమానం వరసలో ఉంటుంది. ఇక్కడ నేల చదును, జనం పల్చన, వానాకాలం తప్పిస్తే వాతావరణం కూడా అనుకూలమే. ఉత్తరప్రదేశ్‌లోని ఫుర్సత్‌గంజ్‌లో ఉన్న ప్రభుత్వ సంస్థ ఇందిరాగాంధీ రాష్ట్రీయ ఉడాన్ అకాడమీ సైతం ఇక్కడ విమానాలు నడిపేది అందుకే. చలికాలం అక్కడ పొగమంచు కమ్మేస్తే గంటలు పూర్తికావు.

ఇదే విదర్భలో, నాగపూర్‌కి అటు పక్కన అమరావతి దగ్గర ఎయిరిండియా సొంత శిక్షణ కేంద్రానికి పూనుకుంది. 34 విమానాలు, ఏటా 180 మంది పైలట్లు అని 2024లో ప్రకటించింది. మన అమరావతి కాదండోయ్, మహారాష్ట్ర అమరావతి. ఈ పేరు దగ్గర పొరబడి గుంటూరు వైపు వాకబు చేసినవాళ్లు కూడా ఉన్నారు.

గేటు లోపలికి మనల్ని రానివ్వరు. బయటి రోడ్డు మీద నుంచే చూడాలి. ఒక ఇంజను ఉన్నది డీఏ40, రెండు ఇంజన్లున్నది డీఏ42. రెండూ ఆస్ట్రియా కంపెనీ డైమండ్ తయారీలే. మొదటిది మన కారులాగే నలుగురు పట్టే బండి. దిగుతున్నప్పుడు గాలికి అటూ ఇటూ ఊగుతుంది. చక్రాలు నేలకి తాకాయో లేదో మళ్లీ లేచిపోతుంది. కాసేపు చూస్తే, ఏది శిక్షకుడి చేతిలో ఉందో, ఏది కుర్రాడి చేతిలో ఉందో మనకే తెలిసిపోతుంది.

ఎవరికి ప్రవేశం?

రోడ్డు పక్క టీ కొట్టు దగ్గర సాయంత్రం పూట కుర్రాళ్లు, అమ్మాయిలు చేరతారు. తెల్ల చొక్కాలు, కళ్లకింద నలుపు. కదిలిస్తే చాలు, కబుర్లే కబుర్లు. వాళ్ల దగ్గర విన్నదీ, నిబంధనల్లో ఉన్నదీ కలిపి చెప్తాను.

మొదట ఒకటి గుర్తుంచుకోవాలి. ఇక్కడ రెండు రకాల షరతులున్నాయి. ఒకటి ప్రభుత్వానివి, అంటే డీజీసీఏవి. రెండోది విమాన కంపెనీవి.

ప్రభుత్వం అడిగేవి తక్కువే. ఇంటర్‌లో ఫిజిక్స్, మ్యాథ్స్ ఉండాలి. కామర్స్, ఆర్ట్స్ చదివినవాళ్లు ఆ రెండు సబ్జెక్టులూ ఓపెన్ స్కూల్లో రాసి వస్తుంటారు. ఈ షరతు ఎత్తేయాలన్న ఆలోచన 2025లో గట్టిగానే నడిచింది. స్టూడెంట్ లైసెన్సుకి పదహారేళ్లు, కమర్షియల్ లైసెన్సుకి పద్దెనిమిదేళ్లు నిండాలి. వైద్య పరీక్షల్లో నెగ్గాలి. నావిగేషన్, వాతావరణ శాస్త్రం, నిబంధనలు, విమానం సాంకేతికం లాంటి పేపర్లు నూటికి డెబ్బై మార్కులతో పాసవ్వాలి. రేడియోలో మాట్లాడటానికి వేరే లైసెన్సు. వీటన్నిటితోపాటు 200 గంటలు విమానం నడపాలి. అందులో వంద గంటలు తనే కెప్టెన్‌గా. ఒక ప్రయాణమైతే 300 నాటికల్ మైళ్లు, అంటే దాదాపు 555 కిలోమీటర్లు, మధ్యలో రెండు వేరే ఎయిర్‌పోర్టుల్లో దిగుతూ చెయ్యాలి.

కంపెనీ అడిగేవి దాని మీద అదనం. వయసుకి పై హద్దు ఉంటుంది, అది కంపెనీని బట్టి మారుతుంది. ఇంటర్‌లో ఫిజిక్స్, మ్యాథ్స్, ఇంగ్లిష్‌లో ఇన్ని మార్కులని గీత గీస్తారు. అది మరీ ఎత్తయిన గీత కాదు, మామూలు పిల్లలు అందుకోగలిగిందే. ఆ తర్వాత వడపోత మొదలవుతుంది. ముందు రాత పరీక్ష. తర్వాత కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, ఒక చేత్తో జాయ్‌స్టిక్ పట్టుకుని గురి నిలుపుతూనే తెరమీద వచ్చే లెక్కలకి జవాబు చెప్పమంటారు. పదిమందిని ఒకచోట కూర్చోబెట్టి ఒక సమస్య ఇస్తారు. అక్కడ గొంతు పెంచినవాడూ పోతాడు, నోరు విప్పనివాడూ పోతాడు. చివర్లో ఇంటర్వ్యూ.

"మార్కులు చూసి భయపడకండి అంకుల్. నాకు ఇంటర్‌లో తొంభై ఎనిమిది శాతం ఉన్న ఫ్రెండ్ గ్రూప్ టాస్క్‌లో పోయాడు" అన్నాడు విజయవాడ కుర్రాడొకడు. ర్యాంకుల గోలలో పెరిగిన మన పిల్లలకి ఇది కొత్త సంగతే.

స్పాన్సర్ ఎవరు?

ఇక అసలు సంగతి. 'ఎయిర్‌లైన్ స్పాన్సర్డ్' అంటే ఖర్చు కంపెనీది అనుకుంటాం. మన దేశంలో సాధారణంగా అలా కాదు. కంపెనీ ఎంపిక చేస్తుంది, ఎక్కడ నేర్చుకోవాలో చెప్తుంది, అన్నీ పాసైతే ఉద్యోగమిస్తామని షరతులతో కూడిన కాగితం ఇస్తుంది. డబ్బు మాత్రం మనదే. లైసెన్సు, ఆ తర్వాత ఎయిర్‌బస్ ఏ320 లాంటి పెద్ద విమానం నడపడానికి తీసుకునే టైప్ రేటింగ్, హాస్టలు, తిండి అన్నీ కలిపితే కోటి రూపాయలు దాటుతుంది. బ్యాంకు లోను ఇస్తుంది. కానీ ఏడున్నర లక్షలు దాటితే మామూలుగా ఇల్లో పొలమో తాకట్టు పెట్టమంటుంది. కాబట్టి చాలా ఇళ్లలో నిజమైన స్పాన్సర్ ఎవరంటే నాన్న, ఆయన పేరు మీదున్న భూమి.

ప్రపంచమంతా ఇలాగే ఉందా అంటే లేదు. బ్రిటిష్ ఎయిర్‌వేస్ 2023లో ఒక పథకం పెట్టింది. ఎంపికైన వాళ్ల శిక్షణ ఖర్చు, దాదాపు లక్ష పౌండ్లు, కంపెనీయే భరిస్తుంది. 17 నుంచి 55 ఏళ్లదాకా అర్జీ పెట్టుకోవచ్చన్నారు. అరవై సీట్లకి వేలమంది ఎగబడ్డారు. అయితే బ్రిటన్‌లో పనిచేసే హక్కు ఉన్నవాళ్లకే అది. లండన్లో, లెస్టర్లో స్థిరపడిన మన తెలుగువాళ్ల పిల్లలకి పనికొస్తుంది కానీ, లక్సెట్టిపేట నుంచి అప్లై చెయ్యడానికి కుదరదు.

ఇంకో మాట. ఉద్యోగమిస్తామన్న కాగితం ఎంత గట్టిదో ఆ కంపెనీ కూడా అంతే గట్టిగా ఉండాలి. 2012లో కింగ్‌ఫిషర్, 2019 ఏప్రిల్లో జెట్ ఎయిర్‌వేస్, 2023 మేలో గో ఫస్ట్ విమానాలు ఆగిపోయాయి. కంపెనీ మూతపడినా బ్యాంకు వాయిదా మాత్రం ఆగదు.

రెండెకరాల లెక్క

రెండో రోజు పొద్దున అదే టీ కొట్టు దగ్గర ఒకాయన, పక్కన పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ల అమ్మాయి. నేను ఫోన్లో తెలుగు మాట్లాడటం విని ఆయనే దగ్గరికొచ్చాడు.

"ఏ ఊరు సార్ మీది? మాది జమ్మికుంట దిక్కు. బిడ్డ పైలట్ అయితనంటది. ఒక్కసారి కండ్లతోని చూసి పోదమని వచ్చినం."

రాత పరీక్షకి కోచింగ్ తీసుకుంటోంది ఆ అమ్మాయి. ఫీజు అప్పుడే కట్టేశారట. రోడ్డు పక్కన రెండెకరాలకి బేరం కుదిరింది, వచ్చే నెల రిజిస్ట్రేషన్ అన్నాడాయన. మాటల్లో ధీమా ఉంది కానీ, టీ గ్లాసు పట్టుకున్న చెయ్యి స్థిమితంగా లేదు.

కొట్టు దగ్గరున్న సీనియర్ కేడెట్ ఒకమ్మాయి ఇదంతా వింటోంది. నేను తర్జుమా చేసి చెప్పకుండానే హిందీలో నేరుగా అడిగింది. "మెడికల్ అయిందా?"

కాలేదు. రాత పరీక్ష అయ్యాక చూద్దామనుకున్నారట.

ఆ కేడెట్ గ్లాసు కింద పెట్టి వివరంగా చెప్పింది. కళ్లద్దాలుంటే ఫర్వాలేదు, అద్దాలతో చూపు సరిగ్గా వస్తే చాలు. కానీ రంగులు గుర్తించడంలో తేడా ఉంటే కమర్షియల్ లైసెన్సు దారి మూసుకుపోయినట్టే. రంగురంగుల చుక్కల మధ్య అంకె కనిపించే పుస్తకంతో ఆ పరీక్ష చేస్తారు. చాలామందికి తమకి ఆ లోపం ఉందన్న సంగతే ఆరోజుదాకా తెలీదు. చెవి, గుండె, రక్తం అన్నీ చూస్తారు. డీజీసీఏ గుర్తించిన డాక్టర్లు హైదరాబాద్‌లోనే ఉన్నారు. మొదట క్లాస్ టూ, ఆ వెంటనే క్లాస్ వన్. కొన్ని వేల రూపాయలతో తేలిపోయే విషయం. "ప్రకటనలో మెడికల్ చివర రాస్తారు అంకుల్. మీరు దాన్నే మొదట చేయించండి. అది చేతికొచ్చాకే పొలం సంగతి" అంది.

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగాడు, "ప్రమాదం గిట్ల అయితదా అమ్మా?"

దానికి ఆ అమ్మాయి వెంటనే జవాబు చెప్పలేకపోయింది. 2023 మార్చిలో ఇదే బిర్సీ నుంచి లేచిన శిక్షణ విమానం పక్కనున్న బాలాఘాట్ జిల్లా కొండల్లో కూలింది. శిక్షకుడు, శిక్షణలో ఉన్న అమ్మాయి ఇద్దరూ పోయారు. ఇక్కడ ఆ సంగతి తెలియనివాళ్లు లేరు. "అవుతుంది అంకుల్" అంది చివరికి. "అందుకే రోజూ ఎక్కేముందు విమానం చుట్టూ తిరిగి చెక్ చేసుకుంటాం. నచ్చకపోతే ఎక్కం. ఆ మాట గట్టిగా చెప్పడం కూడా నేర్పిస్తారు."

జమ్మికుంట అమ్మాయి అప్పటిదాకా నోరు విప్పలేదు. "నాయినా, రిజిస్ట్రేషన్ ఆపు. ముందు డాక్టర్ దగ్గరికి పోదాం" అంది. ఆయన తలూపి, పక్కకెళ్లి ఎవరికో ఫోన్ చేశాడు. రెండు నెలలు గడువు కావాలని అడుగుతున్నాడు. అవతలివాడు ఏమన్నాడో గానీ, తిరిగొచ్చాక ఇంకో టీ చెప్పాడు. ఈసారి అందరికీ.

మన దేశంలో పైలట్లలో ఆడవాళ్లు దాదాపు 15 శాతం. ప్రపంచ సగటుకి ఇది చాలా ఎక్కువ. ఆ లెక్క పుస్తకాల్లో చదివితే మామూలు అంకెలా ఉంటుంది. ఆ టీ కొట్టు దగ్గర మాత్రం ఒకమ్మాయి ఇంకో అమ్మాయికి దారి చెబుతున్నట్టు కనిపించింది.

వెళ్లాలనుకుంటే

మన వైపు నుంచి కాజీపేట, బల్లార్షా మీదుగా రైల్లో వెళ్లొచ్చు. బల్లార్షా దాటాక చాందాఫోర్ట్, నాగ్‌భీడ్, వడ్సా, అర్జునీ మీదుగా సాగే లైను అడవిలోంచి పోతుంది. కిటికీ పక్క సీటు దొరికితే వదలకండి. లేదంటే నాగపూర్ దాకా వెళ్లి అక్కణ్నించి గోందియా రైలెక్కొచ్చు. 2023 డిసెంబరులో ఇండిగో హైదరాబాద్ నుంచి గోందియాకి విమానం మొదలుపెట్టింది. సర్వీసులు మారుతుంటాయి కాబట్టి బయల్దేరే ముందు చూసుకోండి.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. ఒక రోజు మిగిలితే నవేగావ్-నాగ్‌జీరా పులుల అభయారణ్యం చూడొచ్చు. వరిచేలల్లో అదృష్టముంటే సారస్ కొంగల జంట కనిపిస్తుంది. ఎగిరే పక్షుల్లో ప్రపంచంలోకెల్లా ఎత్తయినది అదే. నిలబడితే మనిషంత ఉంటుంది.

పైలట్ కావాలనుకునే పిల్లలున్న తల్లిదండ్రులు ఒక్కసారి పిల్లల్ని తీసుకునే వెళ్లిరండి. రైలు టికెట్టు పెద్ద ఖర్చేం కాదు. అక్కడ గేటు బయట నిలబడి కేడెట్లతో అరగంట మాట్లాడితే, ఏ కోచింగ్ సెంటర్ కరపత్రంలోనూ ఉండని నాలుగు సంగతులు తెలుస్తాయి. కానీ రైలెక్కే ముందే పిల్లల కళ్ల పరీక్ష చేయించండి.