522601ని భాగించలేకపోయాం

నర్సరావుపేట హాస్టల్ నుంచి రాస్తున్నాం. రూంలో నలుగురం. నలుగురి ఇళ్ళల్లోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు.

మాలో ఒకడిది మాచర్ల వైపు తండా. బ్యాంకు ఫారంలో ఇంటి అడ్రస్ సరిగ్గానే రాశాడు గానీ, పిన్ కోడ్ దగ్గర అలవాటుగా హాస్టల్‌ది, 522601, రాసేశాడు. రాయాల్సింది 522426. ఏటీఎం కార్డు వెనక్కి పోయింది. వాళ్ళ నాన్న కూలి మానుకుని మూడుసార్లు టౌనుకి తిరిగాడు. తప్పు మాదే. ఆ ఆరంకెలు ఏం చెబుతాయో తెలీకుండానే ఇన్నేళ్ళూ ఫారాలు నింపాం.

ఇప్పుడు తెలుసుకున్నాం. పిన్ కోడ్ 1972 ఆగస్టు 15న మొదలైంది. మొదటి 5 అంటే ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటక వైపు. 522 అంటే గుంటూరు. 2022 ఏప్రిల్ 4న పల్నాడు వేరే జిల్లా అయ్యింది గానీ పిన్ కోడ్‌లో మనం ఇంకా గుంటూరే! చివరి మూడంకెలు పోస్టాఫీసువి.

ఆ రాత్రి మాచర్ల నంబర్‌ని ఊరికే భాగించి చూశాం. 2, 3, 87071. ఈ మూడూ ప్రధాన సంఖ్యలే. దాన్ని వదిలేసి మిగతా కారణాంకాలన్నీ కూడితే 522438 వచ్చింది, అసలు నంబర్ కంటే 12 ఎక్కువ. ఇలాంటి వాటిని అబండెంట్ నంబర్లు అంటారు, అంటే సమృద్ధిగా ఉన్నవి. కార్డు రాని తండావాడికి సమృద్ధి! వాడే ముందు నవ్వాడు.

గురజాల 522415 అంటే 5 × 163 × 641. ఈ 641 మామూలుది కాదు. 4294967297 ప్రధాన సంఖ్యే అని ఫెర్మా నమ్మాడు. కాదు, 641తో పోతుందని 1732లో ఆయిలర్ చూపించాడు. అంత పెద్దాయన కూడా పొరబడ్డాడంటే మాకు కొంచెం ధైర్యం వచ్చింది, నిజం చెప్పాలంటే.

చివరికి నర్సరావుపేట. 2తో పోదు, 3తో పోదు, 7తో పోదు. 723ని 723తో గుణిస్తే 522601 దాటిపోతుంది కాబట్టి 722 లోపు ప్రధాన సంఖ్యలు చూస్తే చాలు. అవి 128. మనిషికి 32 చొప్పున పంచుకున్నాం. ఫోన్లు పక్కన పెట్టి చేత్తోనే చేశాం. ఇంటర్‌లో లెక్కలు మనవల్ల కాదని ఆర్ట్స్‌కి పోయినవాళ్ళం ఇద్దరం, మావే ముందు అయిపోయాయి. ఒక్కటీ పోలేదు. 719 దగ్గర 607 శేషం. 522601 ప్రధాన సంఖ్య.

మొన్న ఫారం మళ్ళీ పెట్టాం. ఒకడు ఒక్కో అంకె చదువుతుంటే ఇంకొకడు రాశాడు, మిగతా ఇద్దరం చూశాం. కార్డు ఇంకా రాలేదు. వాళ్ళ నాన్న రోజూ ఫోన్ చేసి అడుగుతున్నాడు.