రేడియేటర్ నీళ్ళు ఏం చెబుతున్నాయో ముందు చూద్దాం

పోస్టు కొంచెం పెద్దదే. ఊళ్ళో పాత బండి ఉన్నవాళ్ళు, కొనాలనుకుంటున్నవాళ్ళు ఓపిగ్గా చదవండి.

చింతపల్లి వైపు మా ఊళ్ళో నాలుగు కుటుంబాలు కలిసి ఒక పాత డీజిల్ జీపు కొన్నాయి. కాఫీ, పసుపు అమ్మిన డబ్బులకి పొదుపు సంఘం అప్పు కలిపితే వచ్చిన బండి అది. సంతకి బస్తాలు దాని మీదే వెళ్తాయి. సెలవులకి మేము దాని మీదే ఇంటికి వస్తాం. ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే ఆసుపత్రికీ అదే. మా ఊళ్ళో పెద్దోళ్ళందరూ డోలీ మోసినవాళ్ళే. బండి ఆగిపోతే మళ్ళీ డోలీయే గతి.

కొన్న రెండు నెలలకే లంబసింగి ఘాట్ ఎక్కేటప్పుడు బండి వేడెక్కడం మొదలుపెట్టింది. చల్లారాక రేడియేటర్ మూత తీస్తే లోపల పాలు ఎక్కువైన టీ రంగులో జిగురు! కింద టౌన్లో ఒక షెడ్డుకి తీసుకెళ్ళారు. వాళ్ళు మూత తీసి, ఒకసారి లోపలికి చూసి, "హెడ్ గ్యాస్కెట్ పోయింది, బ్లాక్ కూడా పగిలుంటుంది. ఇంజిన్ దింపాలి, 50 వేలు అవుద్ది" అన్నారట. ఆ రాత్రి మావయ్య హాస్టల్‌కి ఫోన్ చేశాడు. "ఏటి చేద్దాం అల్లుడూ? మీరు చదువుకుంటన్నారు కదా" అన్నాడు.

మా రూములో ఉండేది నలుగురం. మాలో ఒకరిది ఆటోమొబైల్ డిప్లొమా, ఒకరిది కెమిస్ట్రీ డిగ్రీ. మెకానిక్కులం కాము. కానీ మాకు ఒక్క ప్రశ్న వచ్చింది: ఇంజిన్ పోయిందని ఏ పరీక్ష చేసి చెప్పారు? ఆదివారం ఊరెళ్ళాం.

ముందు విషయం అర్థం చేసుకుందాం. ఇంజిన్లో ఆయిల్ దారి వేరు, నీళ్ళ దారి వేరు. రెండూ పక్కపక్కనే పోతాయి గానీ కలవకూడదు. మా జీపులాంటి బండిలో అవి కలవడానికి ముఖ్యంగా మూడు చోట్లున్నాయి. ఒకటి హెడ్ గ్యాస్కెట్. రెండు, హెడ్‌కో బ్లాక్‌కో పగులు. మూడు, ఆయిల్ కూలర్. వేడి ఆయిల్‌ని నీళ్ళతో చల్లబరిచే చిన్న పెట్టె అది. చాలా ఇంజిన్లకి బయటే బిగించి ఉంటుంది, ఇంజిన్ దింపకుండానే ఊడదీయొచ్చు. ఆటోమేటిక్ గేరు కార్లయితే నాలుగోది కూడా ఉంటుంది. గేరుబాక్స్ ఆయిల్ చాలా కార్లలో రేడియేటర్ లోపల నుంచే పోతుంది. అక్కడ లీకైతే నీళ్ళు రోజ్ మిల్క్ లాగా మారతాయి. షెడ్డు వాళ్ళు ఖరీదైన రెండిటి పేర్లే చెప్పారు. మూడోదాని మాటే లేదు.

ఇంకో మాట, ప్రాణాలకి సంబంధించింది. వేడి మీద మూత తీయొద్దు. లంబసింగి దాదాపు 1000 మీటర్ల ఎత్తు. అక్కడ మామూలు నీళ్ళు 97 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. రేడియేటర్ మూత ఒత్తిడి పట్టి ఉంచుతుంది కాబట్టి లోపలి నీళ్ళు 110 దాటినా మరగకుండా ఉండగలవు. మూత తీసిన క్షణంలో ఆవిరై మొహం మీదకి వస్తాయి. తెల్లారి, ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడే తీయాలి.

మేము చేసింది వరసగా చెబుతాం.

మొదటిది సీసా పరీక్ష. రేడియేటర్ కింద నుంచి కొంచెం నీళ్ళు తేటగా కనిపించే సీసాలోకి పట్టి, రాత్రంతా కదపకుండా ఉంచాం. తుప్పయితే అడుగుకి దిగుతుంది. ఆయిలైతే పైకి తేలుతుంది. రెండు రకాల కూలెంట్లు కలిపేసినా, లీకు ఆపే పొడి వేసినా జిగురు కట్టొచ్చు, అది చూడ్డానికి ఆయిల్ లాగే ఉంటుంది. వేళ్ళ మధ్య రాసి, నీళ్ళతో కడిగి చూడాలి. జిడ్డు పోకపోతే ఆయిలే. డీజిల్ వాసన వస్తుందేమో కూడా చూడాలి, ఇంధనం కలిస్తే ఆ దారి వేరు. మా సీసాలో పైన నల్లటి ఆయిల్ పొర, అడుగున ఎర్రటి తుప్పు. రెండూ ఉన్నాయి.

రెండోది ఇంజిన్ ఆయిల్. డిప్‌స్టిక్ తీశాం, ఆయిల్ పోసే మూత అడుగు చూశాం. మజ్జిగ మీగడ లాంటి నురగ లేదు. రాత్రంతా ఆగిన బండి కాబట్టి నీళ్ళు ఏమైనా దిగితే ఆయిల్ చాంబర్ అడుగునే ఉంటాయి. అడుగు బోల్టు కొద్దిగా వదులు చేస్తే ముందు నీళ్ళే రావాలి. రాలేదు. వేడి రేకు మీద రెండు చుక్కల ఆయిల్ వేశాం. తాలింపులో తడి ఆకు పడితే చిటపటలాడుతుంది కదా, నీళ్ళు కలిసిన ఆయిల్ అలాగే చిట్లుతుంది. మాది చిట్లలేదు.

మూడోది గ్యాస్. హెడ్ గ్యాస్కెట్ పోతే చాలాసార్లు మండిన గ్యాస్ నీళ్ళలోకి వస్తుంది. చల్లటి ఇంజిన్‌ని మూత తీసి స్టార్ట్ చేసి చూశాం. మొదట్లో ఇరుక్కున్న గాలి రెండు మూడు బుడగలు వచ్చి ఆగిపోయింది. గ్యాస్ అయితే ఆగకుండా వస్తుంది. ఆపి మూత పెట్టి మళ్ళీ స్టార్ట్ చేసి పై గొట్టం పట్టుకున్నాం. వేడెక్కకముందే రాయిలా బిగుసుకోలేదు. సైలెన్సర్ నుంచి ఆగని తెల్ల పొగ కూడా లేదు. దీనికి గాజుగొట్టంలో నీలం ద్రవం పోసి చేసే పరీక్ష కూడా ఉంది. రేడియేటర్ మీద గాలిని దాని గుండా లాగితే, కార్బన్ డయాక్సైడ్ ఉంటే రంగు మారుతుంది. మన కెమిస్ట్రీ ల్యాబులో బ్రోమోథైమోల్ బ్లూ చేసే పనే అది.

ఇప్పుడు మూడూ కలిపి చూడండి. నీళ్ళలో ఆయిల్ ఉంది. ఆయిల్లో నీళ్ళు లేవు. నీళ్ళలో గ్యాస్ లేదు. నడిచే ఇంజిన్లో ఆయిల్ ఒత్తిడి నీళ్ళ ఒత్తిడి కంటే ఎక్కువ. కాబట్టి చిన్న చిల్లు ఉంటే ఆయిలే నీళ్ళలోకి దూరుతుంది. ఇవన్నీ ఆయిల్ కూలర్ వైపు వేలు చూపిస్తున్నాయి. ఖాయమని అనలేం, కానీ 50 వేలు పెట్టేముందు విప్పి చూడాల్సింది అదే.

దగ్గర్లోని ఇంకో మెకానిక్ అన్నని బతిమాలాం. ఆయన కూలర్ విప్పి, ఒక వైపు మూసేసి, రెండో వైపు గాలి కొట్టి, పంక్చర్ షాపు తొట్టిలో ముంచాడు. ట్యూబు నుంచి వచ్చినట్టే బుడగలు వచ్చాయి! మావయ్య మొహం అప్పుడు చూడాలి మీరు. కూలర్, రబ్బరు గొట్టాలు, కూలెంట్, కూలి అన్నీ కలిపి ఖర్చు 8 వేలు దాటలేదు.

చిల్లు ఎందుకు పడింది? ఏళ్ళ తరబడి గెడ్డ నీళ్ళు పోశారు కాబట్టి. "మంచు దేశాలకే కూలెంట్, మనకెందుకు" అంటారు చాలామంది. కూలెంట్ గడ్డకట్టకుండా ఉండటానికే కాదు, మరిగే వేడి పెంచుతుంది, లోపల తుప్పు పట్టకుండా కాపాడుతుంది. వట్టి నీళ్ళు లోహాన్ని కొంచెం కొంచెంగా తినేస్తాయి.

బాగుచేశాక లోపలంతా కడగాలి. నురగ తక్కువొచ్చే సబ్బుతో నీళ్ళు నింపి, ఇంజిన్ వేడెక్కేదాకా నడిపి, చల్లారాక వదలాలి. మాకు ఐదుసార్లు పట్టింది. తర్వాత డిస్టిల్డ్ వాటర్ సగం, కూలెంట్ సగం. ఆయిల్ నానిన గొట్టాలు ఉబ్బిపోతాయి, అవి మార్చాల్సిందే. తీసిన నీళ్ళని మాత్రం గెడ్డలో పోయొద్దు. కూలెంట్లో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది. మేకలు, కుక్కలు తాగితే చచ్చిపోతాయి. పిల్లలకి కూడా ప్రమాదమే. డబ్బాలో పట్టి, గట్టిగా మూతపెట్టి, పాత ఆయిల్ తీసుకునే షెడ్డుకి ఇచ్చేయాలి.

పాత బండి కొనేవాళ్ళకి ఒక మాట. కొనేరోజు మావయ్యవాళ్ళకి రేడియేటర్లో నీళ్ళు తేటగా కనిపించాయంట. అంత పాత బండిలో, తుప్పుపట్టిన మూతి కింద అంత తేట నీళ్ళుంటే అనుమానించాలి. ముందురోజే మార్చి ఉండొచ్చు. ఘాట్ ఎక్కించి దించండి. రాత్రి ఆపండి. తెల్లారి మూత తీసి చూడండి. ఒక్క రాత్రి కూడా ఆగనివ్వని మనిషి దగ్గర కొనకండి.

మన పెద్దోళ్ళు టౌన్లో ఎవరు ఏం చెప్పినా తలూపి వచ్చేస్తారు. తెలివి లేక కాదు, అడిగితే కసురుతారేమోనని. మనం కాలేజీకి వచ్చింది వాళ్ళ పక్కన నిలబడి అడగడానికి కూడా. పెద్ద పరికరాలేం అక్కర్లేదు, ఒక సీసా, ఒక రేకు ముక్క చాలు. "ఏ పరీక్షలో తేలింది, మాకూ చూపించండన్నా" అని మర్యాదగానే అడగండి. చూపించగలిగినవాడికే డబ్బులు ఇవ్వండి.

మీ ఊరి బండికి ఇలాంటిదే ఉంటే సీసా ఫొటో కింద పెట్టండి. తెలిసినవాళ్ళం అందరం కలిసి చూద్దాం.